ఇల్లు పోయిన రెండో నెల

ఇల్లు కూలిన చోటికి పరామర్శకు వచ్చినవాళ్లు మొదట అనే మాట ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే. "పోనీలే, ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు." అందులో అబద్ధం లేదు, ఆపేక్ష కూడా ఉంది. అయినా సర్వం పోగొట్టుకుని నిలబడ్డ మనిషి నోటికి ఆ మాట గడియ పెట్టేస్తుంది. ప్రాణాలు మిగిలాక ఇక దేనికి ఏడవాలి? పెద్దాడు పుట్టిన ఏడు పెరట్లో నాటిన కొబ్బరి చెట్టు కోసం, పెళ్లి ఫొటోల కోసం, నాన్న సాయంత్రాలు కూర్చునే అరుగు కోసం కన్నీళ్లు పెట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారో అన్న జంకు మొదలవుతుంది. దుఃఖం లోపలికి పోతుంది. లోపలికి పోయిన దుఃఖం ఊరికే ఉండదు.

ఒక్క ప్రాణం కూడా పోకుండా వేలమంది ఇళ్లు పోగొట్టుకున్న సందర్భం ఒకటి ఉంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో వెస్ట్ ఎండ్ అనే పేట ఉండేది. ఇటలీ నుంచీ తూర్పు యూరప్ నుంచీ వలస వచ్చిన కార్మిక కుటుంబాలు అక్కడి ఇరుకు సందుల్లో తరాల తరబడి బతికాయి. అధికారుల కళ్లకు అది మురికివాడ. 1950ల చివర్లో నగరాభివృద్ధి పేరుతో ఆ పేటను నేలమట్టం చేశారు. అక్కడివాళ్లు ఊళ్లో తలో మూలకూ వెళ్లారు. చాలామందికి పాతదానికన్నా మంచి ఇల్లే దొరికింది. మార్క్ ఫ్రీడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కూల్చివేతకు ముందూ, తర్వాతా వాళ్లతో మాట్లాడారు. 250 మంది స్త్రీలలో 26 శాతం మంది రెండేళ్లయినా దిగులు తీరలేదన్నారు. ఇంకో 20 శాతం మందిని ఆ దిగులు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా పట్టి ఉంచింది. పైకి గట్టిగా కనిపించే మగవాళ్లలోనూ 38 శాతం మంది ఇదే స్థితిలో ఉన్నారు. పేటను ఎంత బాగా ఎరిగి, ఎంత ఇష్టపడితే దుఃఖం అంత ఎక్కువ. అయినవాళ్లు పోయినప్పుడు కలిగే శోకానికీ దీనికీ పోలికలు స్పష్టంగా ఉన్నాయని ఫ్రీడ్ 1963లో రాశారు.

మనకు ఇది కొత్త సంగతి కాకూడదు. శంకుస్థాపనకు ముహూర్తం చూసి, ద్వారబంధం ఎత్తిన రోజు పూజ చేసి, గృహప్రవేశం నాడు పాలు పొంగించి, శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాసుకునే జనం మనం. ఇంటిని ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం. మనిషి పోతే ఏడవడానికి మన ఆచారం కొన్ని రోజులు కేటాయించింది. ఆ రోజుల్లో ఇంటివాళ్లను ఎవరూ పని చేయనివ్వరు, వంట కూడా చుట్టాలే చూసుకుంటారు. ఇల్లే పోయినప్పుడు అలాంటి రోజులేవీ లేవు. మర్నాడు పొద్దుటి నుంచే తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాలి, నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లకు ఆధార్ నంబరు చెప్పాలి, తడిసిన పదో తరగతి సర్టిఫికెట్లు ఎండబెట్టాలి. ఏడవడానికి తీరిక లేని దుఃఖం ఇది.

మరి మనుషులు దీన్ని ఎలా తట్టుకుంటారు? సినిమాల్లో చూపించినట్టు గుండె పగిలి పిచ్చివాళ్లయిపోవడం చాలా అరుదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసే జార్జ్ బొనానో 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత న్యూయార్క్ ప్రాంతంలో రెండు వేలకు పైగా మందిని పరిశీలించారు. దాదాపు మూడింట రెండు వంతుల మంది ఆరు నెలల తర్వాత మామూలుగానే పని చేసుకుంటూ, తింటూ, నిద్రపోతూ ఉన్నారు. దెబ్బ నేరుగా తగిలినవాళ్లలో ఆ సంఖ్య తగ్గింది కానీ, ఎంత ఘోరం చూసినవాళ్లలోనైనా మూడో వంతుకు తగ్గలేదు. ఈ లెక్క రెండు వైపులా ధైర్యమిస్తుంది. నిలదొక్కుకున్నవాళ్లు రాతిగుండెవాళ్లు కారు, అది మనిషి సహజ స్వభావం. నిలదొక్కుకోలేనివాళ్లు చేతగానివాళ్లూ కారు, వాళ్లకు తగిలిన దెబ్బ పెద్దది.

మంచి చేయబోయి చెడు చేసిన పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఒకప్పుడు విపత్తు జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పించడం మేలని నిపుణులే నమ్మారు. తర్వాత పరీక్షించి చూస్తే దానివల్ల లాభం కనిపించలేదు, కొందరికి కీడు కూడా జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు అలా చేయవద్దంటోంది. 2011లో ఆ సంస్థ తెచ్చిన ప్రథమ మానసిక చికిత్స చేతిపుస్తకం ప్రకారం చేయాల్సింది మూడు పనులు: చూడడం, వినడం, కలపడం. ఎవరికి దెబ్బలు తగిలాయో, ఎవరు ఒంటరిగా ఉన్నారో చూడాలి. వాళ్లు చెప్పదలుచుకుంటే వినాలి, చెప్పకపోతే గుచ్చి అడగకూడదు. ఆ తర్వాత మందులకో, తప్పిపోయిన బంధువుకో, తాగునీటికో వాళ్లను కలపాలి. ఈ పనులకు డిగ్రీ అక్కర్లేదు. కూలిన గోడ ముందు నిలబెట్టి, మైకు నోటి దగ్గర పెట్టి "ఆ క్షణంలో ఏమనిపించిందమ్మా" అని అడిగేవాళ్లు మాత్రం ఈ పుస్తకం ఒక్కసారైనా చదవాలి.

అసలు గండం ఇంకా ముందుంది. 1989 అక్టోబరు 17న శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి, జనం ఆ భూకంపం గురించి ఎంత మాట్లాడుకుంటున్నారో, ఎంత తలుచుకుంటున్నారో వారాల తరబడి లెక్క తీశారు. మొదటి రెండు మూడు వారాలు అందరి నోటా అదే మాట. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా రోడ్డు మీద నిలబడి చెప్పుకున్నారు. తర్వాత మాటలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. తలపులు మాత్రం తగ్గలేదు. తమ కథ చెప్పుకోవాలని అందరికీ ఉంది, ఎదుటివాళ్ల కథ వినే ఓపిక ఎవరికీ లేదు. మీ భూకంపం అనుభవాలు మాకు చెప్పనందుకు ధన్యవాదాలు అన్న అర్థం వచ్చే రాతలతో పాలో ఆల్టో ఊళ్లో టీషర్టులు కనిపించాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కొట్లాటలు, పీడకలలు పెరిగాయని ఆ పరిశోధకులు గుర్తించారు.

ఇల్లు పోయినవాళ్లకు రెండో నెల కఠినంగా ఉండేది అందుకే. విజయవాడలో 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. ఆ వారం పడవల మీద, ఆఖరికి డ్రోన్ల మీద కూడా ఆహార పొట్లాలు చేరాయి. నెల తిరిగేసరికి దసరా వచ్చింది. ఊరంతా పండగ చేసుకునే వేళకు బురద కడుక్కున్న ఇంట్లో ఫ్రిజ్ ఉండదు, మంచం ఉండదు, వాయిదా కట్టాల్సిన ఆటో స్టార్ట్ అవదు. అప్పటికి పడవలు వెళ్లిపోయి ఉంటాయి, కెమెరాలూ వెళ్లిపోయి ఉంటాయి. భార్యాభర్తలు చిన్నమాటకు పోట్లాడుకుంటారు. పిల్లలు పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. తమకే ఏదో అయిపోయిందని వాళ్లనుకుంటారు. అది ఆ కాలం లక్షణమని, చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుందని చెప్పే మనిషి ఒకరున్నా సగం భారం దిగుతుంది.

వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో ఈ సందర్భానికి తరచూ ఎడిసన్ కథ చెబుతారు. 1914 డిసెంబరులో వెస్ట్ ఆరెంజ్‌లోని ఆయన కర్మాగారం తగలబడింది. 67 ఏళ్ల వయసులో ఆయన కుంగిపోకుండా వెంటనే తిరిగి కట్టించే పనిలో పడ్డారు. కథ నిజమే, ఆయన గుండె నిబ్బరం గొప్పదే. అయితే ఆ రాత్రి ఎడిసన్ పడుకోవడానికి ఆయన సొంత ఇల్లు చెక్కుచెదరకుండా ఉంది. ఆయన ప్రధాన ప్రయోగశాల మిగిలింది. చెప్పింది చేయడానికి వేలమంది పనివాళ్లున్నారు, అప్పు పుట్టే పేరుంది. తలదాచుకునే చోటే పోయిన కూలీ కుటుంబానికి ఈ కథ చెప్పి "చూడు, ఆయన ఎలా లేచాడో" అనడం అన్యాయం. లేవడానికి ఆయనకు ఉన్న ఆసరాలు వీళ్లకు ఏవి? ధైర్యం మనిషి లోపల మాత్రమే ఉండే వస్తువనుకోవడం వల్ల ఈ పొరపాటు జరుగుతోంది. ధైర్యంలో పెద్ద భాగం మనిషి చుట్టూ ఉంటుంది.

దానికి గట్టి సాక్ష్యం జపాన్‌లో ఉంది. 1995 జనవరి 17 తెల్లవారుజామున కోబే నగరం కుప్పకూలింది. ఆ భూకంపంలో 6,434 మంది చనిపోయారు. తాత్కాలిక ఇళ్ల విషయంలో ప్రభుత్వం వేగంగానే కదిలింది. ఊరి చివర ఖాళీ స్థలాల్లో వేల సంఖ్యలో వాటిని కట్టింది. ఎవరికీ అన్యాయం జరగకూడదని లాటరీ వేసింది, ముసలివాళ్లకు, వికలాంగులకు మొదటి చోటిచ్చింది. కాగితం మీద ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు ఉండదు. జరిగింది వేరు. ఒకే సందులో నలభై ఏళ్లు బతికిన ముసలమ్మలు తలో దిక్కూ అయ్యారు. పక్కింట్లో ఎవరున్నారో తెలియదు, ఎరిగిన కూరల కొట్టు లేదు, తెలిసిన డాక్టరు లేడు. ఆ తాత్కాలిక ఇళ్లలో ఎవరూ తోడు లేకుండా చనిపోయి, ఆ తర్వాత ఎప్పటికో కనబడినవాళ్ల సంఖ్య 200 దాటింది. వాళ్లను భూకంపం చంపలేదు.

జపాన్ ఆ తప్పు నుంచి నేర్చుకుంది. 2004 అక్టోబరు 23న నీగాటా కొండల్లో భూకంపం వచ్చినప్పుడు యమకోషి అనే ఊరికి దారులన్నీ కొండచరియలతో మూసుకుపోయాయి. రెండు వేలకు పైగా ఉన్న ఊరివాళ్లందరినీ హెలికాప్టర్లలో నాగవోకా పట్టణానికి దించారు. దిగిన వరుసలో ఎవరు ఏ శిబిరంలో పడితే వాళ్లు అక్కడ చెల్లాచెదురయ్యారు. వెంటనే ఊరి పెద్దలు పట్టుబట్టి వాడలవారీగా శిబిరాలు మార్పించారు. తర్వాత కట్టిన తాత్కాలిక ఇళ్లలోనూ ఏ వాడ జనం ఆ వాడ పక్కపక్కనే ఉన్నారు. రంగురంగుల కోయి చేపల పెంపకానికి, ఎద్దుల పోటీలకు ఆ ఊరు ప్రసిద్ధి. పశువులను కూడా హెలికాప్టర్లలో దించారు. యమకోషికి తిరిగి పోదాం అన్నది వాళ్ల నినాదమైంది. మూడేళ్లకు తాత్కాలిక ఇళ్లు ఖాళీ అయ్యాయి. అందరూ తిరిగి వెళ్లలేదు, వయసు మీరినవాళ్లు కొందరు పట్టణంలోనే ఉండిపోయారు. వెళ్లాలా, ఉండాలా అన్నది మాత్రం పదిమందీ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకున్నారు.

ఇలాంటి పోలికల మీద జీవితమంతా పెట్టిన పండితుడు డేనియల్ ఆల్డ్రిచ్. 2005 జూలైలో కొత్త ఉద్యోగం కోసం భార్యాపిల్లలతో న్యూ ఓర్లీన్స్ చేరారు. ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చింది, వాళ్ల ఇల్లు, సామాను అంతా నీళ్లపాలైంది. ఆ కుటుంబానికి ముందుగా చేయందించినవాళ్లు స్నేహితులు, ఆ స్నేహితుల స్నేహితులు. ఇది అందరి విషయంలోనూ నిజమేనా అన్న ప్రశ్న పట్టుకుని ఆయన కోబేకి, తమిళనాడు సునామీ తీరానికి వెళ్లి పరిశోధించి 2012లో పుస్తకం రాశారు. కోబేలో మానో అనే పేటవాళ్లు బకెట్లు చేతులు మారుస్తూ మంటలు ఆర్పుకున్నారు. దగ్గర్లోనే ఉన్న మరో పేటలో జనం నిలబడి చూస్తుండగానే ఇళ్లు కాలిపోయాయి. మానోవాళ్లు పుట్టుకతో ధైర్యవంతులేం కాదు. ఫ్యాక్టరీల కాలుష్యం మీద 1960ల నుంచే కలిసి పోరాడిన అనుభవం వాళ్లకుంది. విపత్తు రోజున అక్కరకొచ్చిన గుణం అంతకు ముప్ఫై ఏళ్ల ముందు నుంచే అలవాటవుతూ వచ్చింది.

ఆల్డ్రిచ్ ఇంకో చేదు నిజం కూడా దాచలేదు. తమిళనాడు తీరంలో కట్టుబాటు గట్టిగా ఉన్న మత్స్యకార గ్రామాల పంచాయతీలు సాయాన్ని వేగంగా రాబట్టుకున్నాయి. కానీ ఆ జాబితాల్లో దళితులు, వితంతువులు, ఊరి కట్టుకు బయట ఉన్నవాళ్లు చాలాచోట్ల మిగిలిపోయారు. కలిసికట్టుగా ఉండడం ఒక్కటే చాలదు, ఆ కట్టులో ఎవరెవరిని చేర్చుకున్నామన్నది కూడా చూడాలి. మన ఊళ్లలో సాయం జాబితా రాసేటప్పుడు అద్దెకున్నవాళ్లను, పక్క రాష్ట్రం నుంచి పనికి వచ్చినవాళ్లను ఎవరు గుర్తు చేస్తారు?

ఇరుగుపొరుగు తర్వాత మనిషిని నిలబెట్టేది తన ఇంటి మీద తనకు దక్కే అధికారం. 1993 సెప్టెంబరు 30 తెల్లవారకముందే, గణపతి నిమజ్జనం చేసి పడుకున్న జనం మీద లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో ఇళ్లు కూలాయి. దాదాపు పదివేల మంది పోయారు. మందపాటి రాతిగోడలు, వాటి మీద బరువైన మట్టి మిద్దెలు. గోడ రెండు పొరలనూ కలిపి పట్టి ఉంచే పొడుగు రాళ్లు లేకపోవడంతో అవి విచ్చుకుపోయాయి. బతికినవాళ్లు రాయి పేరు చెబితేనే వణికారు. బాగా దెబ్బతిన్న ఊళ్లను కొత్త చోటికి తరలించారు. మిగిలిన వెయ్యికి పైగా ఊళ్లలో ఇళ్లవాళ్లే బాగుచేసుకునేలా డబ్బు, సలహా ఇచ్చారు. ఆ సలహా ఇంటింటికీ చేర్చడానికి ఊరి ఆడవాళ్లనే ఎంచి సంవాద్ సహాయక్‌లుగా నిలబెట్టారు. స్వయం శిక్షణ్ ప్రయోగ్ అనే సంస్థ వాళ్లకు తోడుంది. ఊరి సభలో నోరెత్తి ఎరగని స్త్రీలు మేస్త్రీ పని తనిఖీ చేశారు, సిమెంటు లెక్క అడిగారు, ఇంజనీరుతో వాదించారు. గోడ ఎందుకు కూలిందో తెలిశాక భయం సగం తగ్గింది.

2001 జనవరి 26న కచ్‌లో భూకంపం వచ్చినప్పుడు లాతూరు స్త్రీలు అక్కడికి వెళ్లారు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు ఇల్లు పోగొట్టుకున్నవాళ్లతో మాట్లాడారు. ఏ ప్రసంగమూ చేయలేని పని అది. గుజరాత్‌లో కూలిన ఇళ్లలో ఎక్కువ భాగం యజమానుల చేతుల మీదుగానే మళ్లీ లేచాయి. ప్రభుత్వం విడతలవారీగా డబ్బిచ్చింది, ఇంజనీర్లు పునాది దగ్గరా, కప్పు దగ్గరా చూసి తర్వాతి విడత వదిలారు. తలుపు ఏ దిక్కున ఉండాలో, పశువులను ఎక్కడ కట్టాలో ఇంటివాళ్లే అనుకున్నారు. కచ్‌లో తరాలుగా కట్టుకునే గుండ్రటి మట్టి ఇళ్లు, భూంగాలు, ఆ భూకంపానికి చాలావరకు తట్టుకుని నిలిచాయి. వాటిని చూసి కొత్త ఇళ్లు కట్టుకున్నవాళ్లూ ఉన్నారు. కాంట్రాక్టర్లు వేరే చోట వరుసగా కట్టి అప్పగించిన కాలనీల్లో అసంతృప్తి ఎక్కువగా కనిపించిందని ఆ తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. అన్నీ పోయిన మనిషికి మొదట తిరిగి రావాల్సింది నిర్ణయం తీసుకునే హక్కు. అది చిన్నదైనా సరే. దుప్పట్ల కుప్పలోంచి ఒకటి చేతిలో పెట్టేకన్నా, ఏది కావాలో తీసుకోమనడం మంచిది.

ప్రకృతి పడగొట్టిన ఇంటికీ, మనుషుల నిర్ణయం పడగొట్టిన ఇంటికీ తేడా ఉంది. రెండోదాంట్లో దుఃఖానికి కోపం తోడవుతుంది. శ్రీశైలం ప్రాజెక్టు కింద 1981లో అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా గ్రామాలను ఖాళీ చేయించి ఇళ్లు కూల్చారు. అదే నీటిలో మునగాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఆ శ్రద్ధ గొప్పది. మనుషుల ఊళ్లకు అందులో పదో వంతు శ్రద్ధ కూడా దక్కలేదు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామంటూ 1986లో జీవో 98 వచ్చింది. దాని అమలు కోసం ఆ కుటుంబాలు దశాబ్దాల పాటు దరఖాస్తులు పెట్టుకుంటూ, దీక్షలు చేస్తూ వచ్చాయి. ఇలాంటివాళ్లకు జరిగింది మరచిపోండి, సానుకూలంగా ఆలోచించండి అని చెప్పడం వ్యక్తిత్వ వికాసం కాదు. అన్యాయం మీద కోపం ఆరోగ్యకరమైన మనసుకు గుర్తు. ఆ కోపం ఇంట్లో పెళ్లాంబిడ్డల మీద విరుచుకుపడకుండా, నలుగురితో కలిసి దరఖాస్తుగా, దావాగా, ధర్నాగా మారడమే ఎదుగుదల. దశాబ్దాలు ఆ ఫైలు పట్టుకు తిరిగినవాళ్లను మొండివాళ్లనడం తప్పు. వాళ్లు కుంగిపోకుండా నిలబడ్డారు.

ఈ ఏడాది వానలకో, మంటలకో, నోటీసుకో మీకు తెలిసినవాళ్ల ఇల్లు పోతే మొదటి రోజు తప్పకుండా వెళ్లండి. ప్రాణాలు దక్కాయి కదా అనే మాట మీరు అనకండి, అది వాళ్లకు మీకన్నా ముందే తెలుసు. ఏమేం పోయాయో చెబితే వినండి, కొబ్బరి చెట్టు గురించి చెప్పినా వినండి. పాత ఇరుగుపొరుగు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారో కనుక్కుని ఫోన్ నంబర్లు రాసివ్వండి. తర్వాత మీ క్యాలెండర్‌లో ముప్ఫై రోజుల అవతల ఒక గుర్తు పెట్టుకుని, అందరూ మరచిపోయిన ఆ రెండో నెలలో మళ్లీ వెళ్లండి. తహసీల్దార్ ఆఫీసులో వాళ్లతో పాటు ఒక పూట వరుసలో నిలబడండి.